విచారణ లేని వేటు

అప్పిచ్చినవాడు కోర్టుకెక్కి డిక్రీ పొందినను, రైతు దున్నుకొను ఎడ్లను, నాగలిని, విత్తనపు గింజలను జప్తు చేయింపజాలడు. సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను వాని నడ్డగించుచున్నది. చేతిపనివాని పనిముట్లకును అదియే రక్ష. మనుష్యుడు బ్రదుకు సంపాదించుకొను సాధనమును అతని యప్పుకొఱకైనను లాగికొనరాదని శాసనకర్తలు తలచిరి. అయితే ఎడ్లును నాగలియు లేక, రెండు చేతులే ఆస్తిగా గలిగి, కర్మాగారమునకో మిల్లునకో అంగడికో పోయి జీవించువాని సంగతి యేమి? అతని యుద్యోగమే అతని యెడ్లు, నాగలి, విత్తనము. దానిని మాత్రము కోర్టు లేక, నోటీసు లేక, సాక్షి లేక, "రేపటినుండి పనికి రావద్దు" అను మూడు మాటలతో లాగికొనవచ్చునని తలచు యజమానులు మనలో నింకను పెక్కుమంది యున్నారు.

రావికమతము వ్యవసాయమునే నమ్ముకొనిన యూరు. కల్యాణపులోవ జలాశయమును, ఆకాశమును చూచి పైరు వేసికొను పల్లెలు దీని చుట్టు నున్నవి. కాని నేడీ పల్లెలలో ననేక కుటుంబములకు పొలమొక్కటియే చాలుట లేదు. ఇంటిలో నొకడు పరవాడ మందుల కర్మాగారములకు పోవును. ఆడుబిడ్డ తెల్లవారకముందే బస్సెక్కి అచ్యుతాపురములోని దుస్తుల కర్మాగారమునకు పోవును. ఒకడు అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో కళాసీ, ఒకడు చోడవరములో అంగడి గుమస్తా. వీరిలో నొకరి జీతము ఆగెనా, ఆ నెలలోనే పిల్లవాని కళాశాల ఫీజు ఆగును, చీటిపాట బాకీ పడును, పొలము తాకట్టునకు పోవును. కావున ఉద్యోగము ఊడబెఱకుట యనునది పట్టణములలోని యూనియను నాయకులకు మాత్రమే సంబంధించిన విషయమని మన చదువరులు తలపరాదు.

తప్పు చేసినవానిని శిక్షింపవలదని మేమనుట లేదు. దొంగిలించువానిని, తోటివారిని కొట్టువానిని, స్త్రీలను వేధించువానిని, త్రాగి యంత్రముకడకు వచ్చువానిని పనిలో నుంచుకొనుమని చెప్పుట న్యాయము కాదు. మేము కోరునవి మూడే. నేరము మోపినవాడు దానిని వ్రాతమూలముగా తెలుపవలెను. మోపబడినవాడు చెప్పునది వినవలెను. ఋజువైన పిదప, తప్పెంతయో శిక్షయు నంతయే యుండవలెను. ఈ మూడును పెద్ద కర్మాగారములోని పనివానికే గాక చిన్నచోట పనిచేయువానికిని దక్కవలెను.

ఈ ప్రశ్న నిప్పుడెత్తుటకు కారణము గలదు. 2025 నవంబరు 21వ తేదీనుండి పారిశ్రామిక సంబంధముల కోడు అమలులోనికి వచ్చినది. 1926 నాటి ట్రేడు యూనియనుల చట్టమును, 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టమును, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమును కలిపి, 2020లో పార్లమెంటు దీనిని కూర్చినది. ఇందు మంచి లేకపోలేదు. సస్పెండు చేయబడిన పనివానిపై విచారణ సామాన్యముగా 90 దినములలో ముగియవలెనని యిందు నిర్ణయించిరి. ఇరువదిమందియు అంతకుమించియు పనివారున్న ప్రతిచోటను, ఉభయపక్షముల వారు సమసంఖ్యలో గల ఫిర్యాదుల కమిటీ యుండవలెననిరి. కాని ఏది నేరము, దానికేది శిక్ష, విచారణ యెట్లు అని ముందుగా వ్రాసిపెట్టు స్టాండింగు ఆర్డర్ల నియమము, మునుపు కేంద్రచట్టమున నూరుగురు పనివారున్నచోటికి వర్తించుచుండగా, ఇప్పుడు మూడువందలమంది యున్నచోటికే వర్తించును. పని పోగొట్టుకొనినవాడు వివాదము లేవదీయుటకు మునుపు మూడేండ్ల గడువుండగా ఇప్పుడది రెండేండ్లయినది. పెద్దవాకిలి తెఱచి చిన్నవాకిలి మూసినట్లున్న దీ మార్పు. మన జిల్లాలోని రైసుమిల్లులు, రాతిక్వారీలు, పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, అంగళ్లు మూడువందల లెక్కకు చేరునవి ఎన్ని?

ఈ హక్కులు ఎవరును దయతో నిచ్చినవి కావు. 1859లో ఆంగ్లప్రభుత్వము చేసిన పనివారి ఒప్పందభంగపు చట్టమును స్మరింపుడు. ముందుగా సొమ్ము పుచ్చుకొనిన పనివాడు పని మానినచో మేజిస్ట్రేటు అతనిని పనిచేయుమని యాజ్ఞాపించును. ఆ యాజ్ఞను మీరినచో మూడు నెలలవరకు కఠినశిక్ష. యజమాని పనివానిని వెళ్లగొట్టినచో మాత్రము అది నేరము కాదు. మాట తప్పిన పనివాడు జైలునకు, మాట తప్పిన దొర క్లబ్బునకు! ఈ చట్టము రద్దగుటకు 1925వ సంవత్సరము రావలసివచ్చెను. 1920లో మదరాసులోని బకింగుహాం మిల్లు యజమానులు, మదరాసు లేబరు యూనియను నాయకులపై హైకోర్టునుండి నిషేధపుటుత్తరువు తెచ్చిరి. సంఘము పెట్టుకొనుటయే అపరాధమైన కాలమది. ఆ సంఘటనతో రేగిన యాందోళనమునుండియే 1926 నాటి ట్రేడు యూనియనుల చట్టము పుట్టినది.

స్వరాజ్యము వచ్చిన వేళకు చట్టము కొంత మారెను. 1946లో స్టాండింగు ఆర్డర్లు వచ్చెను. వానిని కర్మాగారపు వాకిటివద్ద, పనివారిలో నధికసంఖ్యాకులకు తెలిసిన భాషలో అంటింపవలెనని విధించిరి. 1947లో వివాదముల చట్టము వచ్చెను. అన్యాయముగా తొలగింపబడినవానికి సొమ్మిచ్చి పంపివేయుటతో తీరదని, మరల పనిలో పెట్టుకొనుమని ఆజ్ఞాపించు నధికారము ట్రిబ్యునలున కున్నదని 1949లో ఫెడరలు కోర్టు తీర్పిచ్చెను. సంఘము పూనుకొననిచో పనివాని గోడు వినువారు లేని స్థితి 1965 వఱకుండెను. ఆ యేట 2-ఎ సెక్షను చేర్చి, ఒంటరి పనివాని తొలగింపును పారిశ్రామిక వివాదమే యనిరి. 1971లో చేర్చిన 11-ఎ సెక్షను, శిక్ష అతిగా నున్నచో తగ్గించు నధికారమును లేబరు కోర్టున కిచ్చెను. మన రాష్ట్రము 1987లో మఱియొక యడుగు వేసి, తొలగింపబడినవాడు ప్రభుత్వపు రిఫరెన్సుకొఱకు కాచుకొనకయే నేరుగా లేబరు కోర్టున కెక్కవచ్చునని శాసించెను. దేశమంతటికి అట్టి వెసులుబాటు 2010లోగాని రాలేదు. ఈ విషయమున ఆంధ్రప్రదేశము ఇరువదిమూడేండ్లు ముందు నడచినది. అట్టి రాష్ట్రము నేడు వెనుకబడుట తగునా?

ఇక యజమానులవైపు వాదమును విందము. "మా సొమ్ము, మా మిల్లు, నమ్మకము లేనివానిని మేమేల యుంచుకొనవలెను? విచారణ యన్నచో ఏండ్లు పట్టును. కోర్టులెప్పుడును కూలివానివైపే" అని వారందురు. ఇందు చివరి మాట నిజము కాదు. హర్యానాలో నొక బస్సు కండక్టరు టిక్కెట్ల సొమ్ము విషయమున తొలగింపబడగా, ప్రయాణికులను సాక్షులుగా పిలువలేదను కారణమున ఆ విచారణ చెల్లకపోదని 1977లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పు చెప్పినది కార్మికపక్షపాతి యని పేరుపొందిన జస్టిస్ కృష్ణయ్యరు. కోర్టులలోవలె సాక్ష్యపు చట్టము నక్షరాల పాటింపనక్కఱ లేదు, బుద్ధిమంతుడు నమ్మదగిన యాధారమున్న చాలునని దాని సారము. పుణెలోని భారత్ ఫోర్జి కంపెనీలో, పూర్వము మూడు తప్పులకు స్వల్పముగా శిక్షింపబడిన పనివాడు మరల పనివేళ నిద్రించుచు పట్టుబడి, విచారణానంతరము తొలగింపబడగా, 2005లో సుప్రీముకోర్టు ఆ తొలగింపును స్థిరపఱచెను. ఈ రెండు వ్యాజ్యములలోను యజమానులు గెలిచిరి. ఏల గెలిచిరి? విచారణ జరిపిరి గనుక. విచారణ పనివానికి మాత్రమే రక్ష యని తలచుట పొరపాటు. అది నిజాయితీగల యజమానికిని కవచమే.

ఆలస్యము మాట నిజము. కాని ఆలస్యమున కందు తెరవు విచారణను మానుట కాదు, త్వరగా చేయుట. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుదుమా?

న్యాయమైన విచారణ యనగా బ్రహ్మవిద్య కాదు. ఏ దినమున, ఏ వేళ, ఎక్కడ, ఏమి చేసెనో తెలుపు నేరపత్రము ఇయ్యవలెను. సమాధానము వ్రాసికొనుటకు గడువియ్యవలెను. నేరము మోపినవాడే విచారణాధికారి కాకూడదు. సాక్షులు అతని యెదుట చెప్పవలెను. వారిని ప్రశ్నించు నవకాశ మతని కుండవలెను. ముగిసిన పిదప నివేదిక ప్రతి అతనికిచ్చి, దానిపై అతడు చెప్పుకొనునది విని, అటుపిమ్మట శిక్ష నిర్ణయింపవలెను. ఈ తుది నియమము మన తెలుగునేలనుండి వెళ్లిన వ్యాజ్యముననే స్థిరపడినది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వ్యాజ్యమున 1993 అక్టోబరు 1వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము, విచారణాధికారి నివేదికను ఉద్యోగికీయకుండ శిక్ష విధించుట సహజన్యాయమునకు విరుద్ధమని చెప్పెను. అయితే నివేదిక యీయనంతమాత్రమున ఉద్యోగి గెలిచినట్లు కాదనియు, దానివలన అతనికి నిజముగా నష్టము కలిగెనా యని చూడవలెననియు ఆ ధర్మాసనమే పలికినది. ఇరుప్రక్కల తూచిన తీర్పు అది.

విచారణకాలమున పొయ్యి యారిపోరాదు. సస్పెన్షనులో మొదటి 90 దినములు సగము జీతము, ఆపై ఆలస్యము పనివానివలన కానిచో నూటికి డెబ్బదియైదు వంతులు జీవనభృతిగా నియ్యవలెనని శాసనము. ఆకలితో నున్నవాడు తన పక్షమును వాదించుకొనజాలడు. కోలారు బంగారు గనుల యుద్యోగి వ్యాజ్యమున, భృతి యియ్యక, అతడు రాలేని స్థితిలో నుండగా ఏకపక్షముగా నడపిన విచారణ చెల్లదని 1999లో సుప్రీముకోర్టు తీర్పిచ్చెను. కాని క్రొత్త కోడులో నీ భృతి నియమమును, 90 దినముల నియమమును స్టాండింగు ఆర్డర్ల యధ్యాయముననే యున్నవి. మూడువందల గడప దాటనివానికి అవియు అందవు.

పనికి రానివాడు తనంతట తానే ఉద్యోగము వదలుకొనినట్లు అని చెప్పు మఱియొక యుపాయము గలదు. ఎనిమిది దినములకు మించి రానివాని యుద్యోగము దానంతటదియే పోవునను స్టాండింగు ఆర్డరు నాధారము చేసికొని యొక కంపెనీ పనివానిని తొలగింపగా, 1993లో సుప్రీముకోర్టు దానిని త్రోసివేసెను. జీవించు హక్కులో జీవనోపాధియు నిమిడియున్నదనియు, దానిని విచారణ లేక హరింపరాదనియు ఆ తీర్పును వ్రాసినవారు ఆంధ్రులగు జస్టిస్ కె. రామస్వామిగారు. అయినను 2019 అక్టోబరులో తెలంగాణమున ఆర్.టి.సి. కార్మికులు సమ్మె చేయగా, ప్రభుత్వము చెప్పిన వేళకు పనిలో చేరని సుమారు 48 వేలమంది తమంతట తామే డిస్మిస్ అయిరని నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ప్రకటించిరి. ఒక్క నేరపత్రము లేదు, ఒక్క సాక్షి లేడు. ఎద్దు ఈనిందన్న గాట కట్టుమన్నట్లు, ఒక్క సాయంకాలమున ఇన్నివేల కుటుంబముల యన్నము ప్రశ్నార్థకమాయెను. సమ్మె యేబదిరెండు దినములు సాగినది. నవంబరు 29న వారిని మరల పనిలో చేర్చుకొనక తప్పలేదు. ఆ సమ్మె కోరికలు సమంజసములా కావా యనునది వేఱు ప్రశ్న. ఎన్నికైన ప్రభుత్వమే విచారణను లెక్కసేయనిచో, వీథిచివరి యంగడివాడు దాని నేల లెక్కించును? రాజు నడచిన దారినే ప్రజ నడచును.

తాలూకా కచ్చేరిలోని ప్యూనును విచారణ లేక తొలగింపరాదని రాజ్యాంగములోని 311వ అధికరణము కాపాడుచున్నది. ఆ కచ్చేరి యెదుటి అంగడిలోని గుమస్తాకు అట్టి కాపు లేదా? ఉన్నది, కాని అతడెఱుగడు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టములోని 47వ సెక్షను ప్రకారము, ఆరునెలలు ఎడతెగక పనిచేసినవానిని తగిన కారణము లేకయు, నెలదినముల నోటీసు లేక దానికి బదులు జీతము లేకయు తొలగింపరాదు. దుష్ప్రవర్తనమున్నదని నోటీసు ఎగవేయదలచిన యజమాని, దానిని విచారణలో ఋజువు చేయవలెను. అన్యాయమని తోచినచో కార్మికశాఖ యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఈ చట్టము పుట్టి మూడున్నర దశాబ్దములు దాటినది. దీనిని గుమస్తాలు చదువలేదు, యజమానులు చదువనిచ్చలేదు.

అసలు చిక్కు కాగితము లేకపోవుట. నియామకపు పత్రము లేదు, హాజరుపట్టీలో పేరు లేదు, జీతము చేతికిచ్చుట. పనివాడు కాంట్రాక్టరువాడని కంపెనీ యనును, నాకు తెలియదని కాంట్రాక్టరనును. తొలగించిన పిదప, "మేము తొలగింపలేదు, వాడే మానుకొనెను" అని జవాబు. తాను పనిచేసినట్లు ఋజువు చేసికొనుటకే ఏండ్లు గడచును. మా వృత్తిలో తఱచుగా చూచునది ఇదియే: న్యాయము లేక ఓడువారికంటె కాగితము లేక ఓడువారే ఎక్కువ.

ఇది జీతమునకు మాత్రమే గాక ప్రాణమునకు సంబంధించిన విషయము. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థికమండలిలోని యొక మందుల కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 17 మంది చనిపోయిరి. ఆ ఘోరమునకు కారణము పనివారి భయమని మేమనుట లేదు. కాని ఇట్టి కర్మాగారములలో గొట్టము కారుచున్నదని, వాసన వచ్చుచున్నదని ముందుగా తెలిసికొనువాడు ఆ గొట్టముకడ నిలుచు పనివాడే. నోరు విప్పినచో "క్రమశిక్షణ లేనివాడు" అని రేపే గేటు బయట నిలుపుదురను భయము వానికున్నచో అతడు నోరు విప్పునా? కారణము చెప్పక తొలగింపజాలరను ధైర్యము కర్మాగారమునకు ఒక రక్షకయంత్రము వంటిది.

పనివారికిని, సంఘములకును ఒక మాట చెప్పవలసియున్నది. తనవాడైనంతమాత్రమున దొంగను సమర్థించు సంఘము, రేపు నిరపరాధిని రక్షింపబూనునప్పుడు ఎవరును దానిని నమ్మరు. విచారణకు పిలిచినప్పుడు పోకుండుట, నేరపత్రము పుచ్చుకొనక త్రిప్పిపంపుట వీరత్వము కాదు; అది యజమానికి ఏకపక్షపు తీర్పును బహుమతిగా నిచ్చుట. మన ఆంధ్రదేశపు కార్మికనాయకులలో అగ్రగణ్యులగు వి. వి. గిరిగారు, 1937లో మదరాసు మంత్రివర్గమునను, 1952 మొదలు కేంద్రమునను కార్మికమంత్రిగా నున్నవారు. కోర్టులు నిర్బంధముగా తీర్చు తగవులకంటె ఉభయులు కూర్చుండి తీర్చుకొనిన తగవే నిలుచునని వారి సిద్ధాంతము. అట్టివారే బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు 1954లో మంత్రిపదవిని వదలుకొనిరి. సామరస్యమును కోరుటయు, న్యాయము చెడినప్పుడు ఊరకుండకుండుటయు ఒక్క మనిషియందే యిముడునని వారి జీవితము చూపుచున్నది.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. ఇరువదిమంది పనివారున్న ప్రతిచోటికిని సరిపోవు నమూనా నియమావళిని రాష్ట్రప్రభుత్వము సులభమైన తెలుగులో నచ్చొత్తించి, గోడపై నంటింపజేయవలెను. ఫిర్యాదుల కమిటీకి ఇరువదిమంది చాలినప్పుడు, నేరశిక్షల పట్టికకు మూడువందలమంది యేల? తొలగింపు ఏదైనను, కారణముతో వ్రాతమూలముగా నుండవలెనని నిర్బంధింపవలెను. ట్రిబ్యునలు విశాఖపట్టణమున మాత్రమే కూర్చుండక, నెలకొకమారైనను అనకాపల్లిలో కూర్చుండవలెను. వాయిదావాయిదాకు దినకూలి పోగొట్టుకొని రావికమతమునుండి విశాఖకు పోయివచ్చువాడు, గెలుచులోపలనే అలసి రాజీకి దిగును.

పఠనమందిరముల వారు మఱియొక పని చేయగలరు. పత్రికలు చదువవచ్చు యువకులకు నాలుగు విషయములు చెప్పుడు: నియామకపు పత్రమును, జీతపు చీటిని, గుర్తింపుకార్డును భద్రపఱచుకొనుట, నేరపత్రము వచ్చినచో గడువులోపల వ్రాతమూలముగా జవాబిచ్చి రసీదు పుచ్చుకొనుట, తెల్లకాగితముమీద సంతకము పెట్టకుండుట, పని పోయినచో రెండేండ్ల గడువున్నదిగదా యని కూర్చుండక, వెంటనే కార్మికశాఖ యధికారికి విన్నపము పంపుట. ఈ నాలుగును ఒక కాగితముపై వ్రాసి మందిరపు గోడకు తగిలించినచో, ఎన్నియో కుటుంబములు నిలుచును.

యజమానులకు మా మనవి యొక్కటి. మీపై ఆదాయపు పన్నువారు నేరము మోపినప్పుడు నోటీసు కావలెనందురు, గడువు కావలెనందురు, ప్లీడరు కావలెనందురు, పైకోర్టు కావలెనందురు. అవి యన్నియు మీకు దక్కవలసినవే. మీ గేటుకడ టిఫిను క్యారేజి పట్టుకొని నిలుచున్నవాడు అందులో మొదటి రెంటినే యడుగుచున్నాడు. ఇండ్లుదాటి బయటికి పోయి సంపాదించుచున్న మన బిడ్డల యన్నమునకు, మన ఎడ్లకును నాగలికిని శాసనమిచ్చిన పాటి రక్షణయైనను కలుగువఱకు ఈ మాట మేము చెప్పుచునే యుందుము.